అవ్వకు వచ్చిన కల – దొరగారి చేతిలో పుస్తకం



ఈ మధ్య హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫులో పనులు చేసుకుంటున్న మన సంఘ బిడ్డలు చాలామంది మాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "అయ్యగారూ, మనూరి అవ్వకు క్లౌ దొరగారు కలలో కనపడ్డారంట గదా. ఏదో చెప్పారంట గదా. నిజమేనా?" ఒక్కొక్కరికి ఒక్కో రకంగా కథ చేరింది. అందుకే జరిగినది జరిగినట్టు రాస్తే మంచిదని మాకు తోచింది. అవ్వను అడిగే రాస్తున్నాము. "నా పేరు మాత్రం రాయమాకయ్యా, మిగతాది రాసుకో" అన్నది.

మన మందిరంలో తూర్పు గోడ మీద డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి పటం ఉన్న సంగతి మీకు తెలుసు. చిన్నప్పుడు మీరంతా ఆ గడ్డం దొరను చూస్తూనే సండే స్కూలులో కూర్చున్నారు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమందితో సంఘం మొదలుపెట్టిన మనిషి ఆయన. ఈ ప్రాంతపు బాప్టిస్టు ఇళ్ళల్లో ఆయన పేరు తాతల పేరుతో సమానం. అటువంటి మనిషి కలలోకి వస్తే ఊరు ఊరుకుంటుందా?

అవ్వ చెప్పిన కల ఇది. వాగు ఎండిపోయి ఉంది. ఇసుకలో కుర్చీ వేసుకొని దొరగారు కూర్చున్నారు. ఒంటి మీద కోటు ఉంది, కాళ్ళకు మాత్రం బూట్లు లేవు. ఒళ్ళో పెద్ద పుస్తకం. జనం వరుసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి పేరు అడుగుతున్నారు, పుస్తకంలో చూస్తున్నారు, పంపిస్తున్నారు. అవ్వ వంతు వచ్చింది. పేరు చెప్పింది. దొరగారు పుస్తకం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికారు. పేజీ తిప్పి మళ్ళీ వెతికారు. "ఇంకా రాలేదు, కూర్చో" అన్నారు. అని ఒక ఖాళీ గంప ఆమె నెత్తిన పెట్టారు. ఖాళీదే గానీ మెడ విరిగేంత బరువు. ఆ బరువుకే మెలకువ వచ్చిందట. తెల్లవారి లేచాక కూడా మెడ పట్టేసి ఉంది.

ఆమె ఈ సంగతి మొదట బోరింగు దగ్గర పక్కింటామెతో చెప్పింది. మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. సాయంత్రానికి అర్థాలు తయారయ్యాయి.

మన డీకన్లలో ఒకరు, "ఖాళీ గంప అంటే కానుకల గంపే. దొరగారి పేరున మందిరం ముందు ఆర్చి కడదామని ఎన్నేళ్ళ నుంచి అనుకుంటున్నాం, డబ్బులు వేయడం లేదని ఆయన బాధ" అన్నారు. యౌవనస్థులు, "ఇంకా రాలేదు అన్నారంటే వచ్చేది ఏదో ఉంది, విదేశాల నుంచి ఎవరో వస్తారు" అన్నారు. అవ్వ వింటుండగానే కొందరు స్త్రీలు, "పుస్తకం తెరిచారంటే పెద్దామె రోజులు దగ్గర పడ్డట్టే" అని గుసగుసలాడుకున్నారు. వేరే ప్రార్థన కూటమికి వెళ్ళే ఒకాయన ఇంటికే వచ్చి, "మీ పాత బాప్తిస్మం లెక్కలోకి రాలేదని దేవుడే చూపించాడు, మళ్ళీ తీసుకో" అని చెప్పి వెళ్ళాడు.

ఐదో అర్థం చెప్పినవాళ్ళము మేమే. దాని గురించి దాచకుండా రాయాలి.

ఆ నెలలో మన సంఘంలో పదకొండుమందికి బాప్తిస్మం ఇవ్వాలని తేదీ పెట్టుకున్నాము. అదే రోజు పట్నం నుంచి ఒక దాత వచ్చి పేద కుటుంబాలకు పది కిలోల బియ్యం, ఒక దుప్పటి పంచే కార్యక్రమం పెట్టాము. ఉదయం బాప్తిస్మం, మధ్యాహ్నం పంపిణీ. బాప్తిస్మం తీసుకుంటే బియ్యం ఇస్తామని మేము ఎవరితోనూ అనలేదు. కానీ రెండింటినీ ఒకే కరపత్రంలో అచ్చు వేయించాము. ఆ పదకొండుమందిలో కొందరికి మూడు వారాల పాఠం కూడా పూర్తి కాలేదని మాకు తెలుసు. అయినా వచ్చే అతిథికి సంఘం ఎదుగుతున్నట్టు కనబడాలన్న ఆశ మాలో ఉంది.

అటువంటి సమయంలో "ఇంకా రాలేదు, కూర్చో" అన్న మాట మా చెవిన పడింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో చదువుకున్న సంఘ చరిత్ర అంతా గుర్తొచ్చింది.

ప్రియులారా, 1876 నుంచి 1878 వరకు ఈ దేశంలో వచ్చిన గొప్ప కరువు సంగతి పెద్దల నోట వినే ఉంటారు. ఆ కరువులో ప్రజలు పని చేసుకొని బ్రతకాలని క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. మన బోధకులే ఆ పనికి పైవిచారణ చేశారు. పని మధ్యలో విరామం దొరికినప్పుడు ప్రయాసపడువారిని తన యొద్దకు పిలిచిన ప్రభువు మాట చెప్పేవారు. వేలమంది విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం వస్తున్నారో, ప్రభువు కోసమే వస్తున్నారో కరువులో ఎవరు చెప్పగలరు? పదిహేను నెలలు ఆపారు. సహాయపు డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేది ఏమీ లేదు అని చెప్పాక కూడా వాళ్ళు కదలలేదు. మాకు సహాయం వద్దు, మేము కష్టపడి బ్రతకగలము అంటూ అరచేతుల్లో బొబ్బలు చూపించారు. చచ్చిపోయినా క్రైస్తవులుగానే చస్తామన్నారు. అప్పుడు ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు.

బియ్యాన్నీ బాప్తిస్మాన్నీ వేరుగా ఉంచడానికి ఆయన పదిహేను నెలలు కాచుకున్నారు. మేము ఒకే కాగితం మీద రెండూ అచ్చు వేయించాము. మాకు సిగ్గు వేసింది.

మరునాడే పెద్దలను పిలిచి మాట్లాడాము. బాప్తిస్మం వాయిదా వేశాము. బియ్యం, దుప్పట్లు ముందే శనివారం నాడు, మందిరంలో కాకుండా బడి దగ్గర, ఏ మతమని అడగకుండా పేద ఇళ్ళకు ఇచ్చాము. దాత గారు నొచ్చుకున్నారు, మళ్ళీ ఫోన్ చేయలేదు. తర్వాత మూడు నెలలు బుధవారం బుధవారం పాఠాలు పెడితే పదకొండుమందిలో ఐదుగురు నిలిచారు. ఆరుగురు రాలేదు. ఆ ఆరుగురి కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాము, వారి ఇళ్ళకు వెళ్తూనే ఉన్నాము.

ఆ ఆదివారం ఈ కల మీదనే మేము ప్రసంగం చేశాము. కాలువ సంగతి, కరువు సంగతి, మా తప్పు సంగతి, అన్నీ చెప్పాము. యోహాను 6:26లో రొట్టెల కోసం వెతికిన జనముతో ప్రభువు మాట్లాడిన సందర్భం ధ్యానించాము. చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆరాధన అయ్యాక, "అయ్యగారూ, ఇవాళ దేవుడు మాట్లాడాడు" అన్నారు. మాకు కూడా తృప్తిగానే ఉంది.

ఆ తర్వాత వచ్చినది మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం చాపల వరుసలో ముందుకు వెళ్తోంది. వెనక వరుసలో అవ్వ పళ్ళెం అందుకొని, తాను తీసుకోకుండా పక్కామెకు ఇచ్చేసింది. గిన్నె కూడా అట్లాగే. మేము గమనించలేదు. మా ఇంట్లో అమ్మగారు గమనించింది. ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తూ, "ఆ కల గురించి ఊరంతా మాట్లాడింది, మీరు గంటసేపు ప్రసంగం చేశారు. కల కన్న మనిషిని ఎవరన్నా అడిగారా?" అన్నది.

ముద్ద నోట్లోకి పోలేదు. అప్పటికి కల వచ్చి మూడు వారాలు దాటింది.

సాయంత్రం ఇద్దరం వెళ్ళాము. అవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. "బల్ల ఎందుకు తీసుకోలేదు అవ్వా?" అని అమ్మగారు అడిగింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "నా పేరు పుస్తకంలో లేదు గదమ్మా. ఎట్లా తీసుకుంటాను? అయోగ్యంగా తీసుకుంటే శిక్ష గదా. అయ్యగారే ఎన్నోసార్లు చెప్పారు" అన్నది.

ప్రియులారా, ఆ మాట విన్నాక మేము తల ఎత్తలేకపోయాము. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. భర్తను, ఒక కొడుకును మట్టి చేసి కూడా ప్రభువును విడువని మనిషి. తన పేరు జీవగ్రంథములో లేదేమోనన్న భయంతో మూడు వారాలు నిద్ర లేకుండా ఉంది. ఆర్చి కట్టాలన్నవారు ఆ భయాన్ని చూడలేదు. మేము నిజమే చెప్పాము, సంఘానికి మేలే జరిగింది. అయినా మేము కూడా ఆమె కలను మా పనికి వాడుకున్నాము గానీ ఆమె దగ్గరకు వెళ్ళలేదు.

ఆమెకు ధైర్యం చెబుదామని మరునాడు సంఘపు పాత బాప్తిస్మం రిజిస్టరు బీరువాలో నుంచి తీశాము. ఆమె చెప్పిన సంవత్సరం వెతికాము. ఆ పేజీలు లేవు. చెదలు తినేశాయి. అట్ట, దారం మిగిలాయి. ఏం చేయాలో మాకు తోచలేదు. ఈ సంగతి ఆమెకు చెప్పకుండా ఉంటే బాగుంటుందని కూడా అనిపించింది. కానీ అబద్ధంతో ఓదార్చితే ఆ ఓదార్పు నిలవదు. రిజిస్టరు పట్టుకెళ్ళి ఉన్నదున్నట్టు చూపించాము. "అవ్వా, మన సంఘం పుస్తకంలో నీ పేరు లేదు. చెదలు తిన్నాయి" అన్నాము.

ఆమె ఆ అట్టను చేత్తో తడిమింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. తనకు బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు పొట్టిగా ఉండేవారట. పుష్య మాసపు చలి. వాగులో నడుము లోతు నీళ్ళు. ముందు ఆమె భర్త దిగాడు, తర్వాత ఆమె. నీళ్ళలో నుంచి లేచినప్పుడు గట్టు మీద అందరూ పాట పాడుతున్నారు, తనకు మాత్రం చెవుల్లో నీళ్ళు పోయి ఆ పాట వినపడలేదు. "పాట వినపళ్ళా గానీ, ఆయన వదిలిపెట్టడులే అని మాత్రం అనిపించిందయ్యా" అన్నది.

అప్పుడు అమ్మగారు బైబిలు తెరిచి లూకా 10:20, ప్రకటన 21:27 చదివింది. అవ్వ మళ్ళీ చదవమన్నది. మళ్ళీ చదివింది. జీవగ్రంథము గొఱ్ఱెపిల్లదని అక్కడ రాసి ఉంది. అది ఏ దొరగారిదీ కాదు, ఏ సంఘ కాపరిదీ కాదు, మళ్ళీ బాప్తిస్మం తీసుకోమన్నవారిదీ కాదు. "దొర చేతిలో ఉండేది కాదా?" అని అడిగింది అవ్వ. "కాదు అవ్వా. దొర పేరు కూడా ఉంటే ఆ పుస్తకంలోనే ఉండాలి, నీ పేరు లాగే" అన్నాము.

గంప సంగతి తర్వాత తేలింది. అమ్మగారే, "అవ్వా, గంపలు మోసే పని ఎప్పుడైనా చేశావా?" అని అడిగింది. "నేను కాదమ్మా. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళమ్మ కరువులో దొర కాలవలో మట్టి గంపలు మోసిందంట. మెడ వంకర పోయి చచ్చేదాకా అట్టాగే ఉండెనంట" అన్నది. ప్రసంగి 5:3లో విస్తారమైన పనిపాటుల నుంచి కలలు పుడతాయని ఉంది. ఈ గంప అంతకంటే పాత పనిలో నుంచి, నాలుగు తరాల వెనక పడిన కష్టంలో నుంచి వచ్చిందేమో. ఆ కష్టపడిన తల్లి బొబ్బల చేతులతో వెల్లంపల్లి గట్టున నిలబడినవారిలో ఉన్నదో లేదో అవ్వకూ తెలియదు, మాకూ తెలియదు. ప్రభువుకు తెలుసు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వద్దాము. ఆ కల దేవుని నుంచి వచ్చిందా?

దేవుడు కలల ద్వారా మాట్లాడాడు. యోసేపుతో, దానియేలుతో, మరియమ్మ భర్తయైన యోసేపుతో మాట్లాడాడు. ఇప్పుడు మాట్లాడలేడని మేము అనము. కానీ లేఖనము మనకు కొన్ని కొలతలు ఇచ్చింది.

మొదటిది, కల వాక్యముతో సమానము కాదు. యిర్మీయా 23వ అధ్యాయములో కలను పొట్టుతో, వాక్యమును గింజతో పోల్చిన సంగతి చూడండి. వరి తూర్పారబట్టే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పొట్టు గాలికి పోవాలి, గింజ చాట కింద నిలవాలి. మేము బాప్తిస్మం వాయిదా వేసింది కల చెప్పిందని కాదు. రొట్టెల కోసం వచ్చిన జనం గురించి ప్రభువు ముందే చెప్పి ఉన్నాడు. మేము మరచిపోయాము, అంతే.

రెండవది, కల ఎటువైపు నడిపిస్తున్నదో చూడాలి. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము ప్రకారము, కల నిజమైనా సరే, అది దేవుని నుంచి మనలను పక్కకు లాగితే వినకూడదు. గొప్ప భక్తుడు కనబడ్డాడు గనుక కల గొప్పది అనుకోవద్దు. మత్తయి 17లో కొండ మీద మోషే, ఏలీయా నిజంగానే కనబడ్డారు. పేతురు వెంటనే పర్ణశాలలు కడదామన్నాడు. మనవాళ్ళు ఆర్చి అన్నట్టే. కానీ చివరికి శిష్యులు కన్నులెత్తి చూసినప్పుడు యేసు తప్ప మరెవరూ కనబడలేదు. అదే సరియైన ముగింపు. వెల్లంపల్లిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినది దొరగారు అనుకుంటాము. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చినది అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఆ దినమున దొరగారు గట్టు మీదనే ఉన్నారు. ఆయనను గట్టు మీదనే ఉండనిద్దాము. జీవగ్రంథము ఆయన ఒళ్ళో పెట్టవద్దు.

మూడవది మేము ఈ సంవత్సరమే నేర్చుకున్నాము. కల చెప్పిన మనిషి కలకంటే ముఖ్యం. చెరసాలలో యోసేపు ఆ ఇద్దరి కలలు వినకముందు వారి ముఖాలు చూశాడు, ఈ దినమున మీరెందుకు చిన్నబోయి ఉన్నారని అడిగిన సంగతి ఆదికాండము 40లో ఉంది. భావము చెప్పడం తర్వాత. మేము ముఖం చూడకుండానే భావము చెప్పాము. కనుక మీ ఇంట్లో ఎవరైనా కల చెబితే, ముఖ్యంగా పెద్దవారు చెబితే, ఫోన్ తీసి నలుగురికి పంపకముందు ఒక్కమాట అడగండి. "నీకు ఏమి భయం వేసింది?" అని అడగండి. ఊరు దూరమైనా ఫోన్‌లోనైనా అడగవచ్చు.

పోయిన నెల మొదటి ఆదివారం బల్ల దగ్గర మేము పళ్ళెం పట్టుకొని వెనక వరుస దాకా మేమే వెళ్ళాము. అవ్వ రొట్టె ముక్క తీసుకుంది. గిన్నె తీసుకుంది. ఆరాధన అయ్యాక మెడ ఎట్లా ఉందని అడిగితే, "నొప్పి అట్టాగే ఉందయ్యా, ఒంగోలు పోయి డాక్టరుకు చూపించుకోవాల" అన్నది. ఈ వారం ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాము. ఆమె కోసం ప్రార్థించండి. ఇంకా రాని ఆ ఆరుగురి కోసం కూడా ప్రార్థించండి.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, మా ముందు నడిచిన భక్తుల కొరకు నీకు స్తోత్రములు. వారిని నీ స్థానములో కూర్చుండబెట్టకుండ మమ్మును కాపాడుము. నీ చిన్నవారి భయములను మా ప్రసంగములకు వాడుకొనకుండ మా పెదవులను కాయుము. చెదలు తినలేని నీ గ్రంథములో మా పేరులు వ్రాసిన గొఱ్ఱెపిల్ల నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.